పిల్లవాడి తప్పా? పుస్తకం తప్పా?

(గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితం)

ఆగస్టు నెలాఖరులో భేస్తాన్‌లో ఉన్న మనకు అయిదు రోజుల తేడాతో రెండు భాషా దినోత్సవాలు వస్తాయి. 24న గుజరాతీ భాషా దినోత్సవం, 29న తెలుగు భాషా దినోత్సవం. మొదటిది మన సూరత్‌లోనే 1833లో పుట్టిన నర్మద్ కవి జన్మదినం. రెండోది 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జన్మదినం. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పినవారే. ఇద్దరూ నిఘంటువులు కూర్చినవారే. నర్మద్ 1858లో బడి ఉద్యోగం వదిలి కలాన్నే నమ్ముకున్నారు. ఆయన నిఘంటువు నర్మకోశ్ 1873లో పూర్తిగా వెలువడింది. ఇక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు కనుక నర్మద్ పేరు మన పిల్లలందరికీ తెలుసు.

రామమూర్తి పంతులుగారి విషయానికి వచ్చేసరికి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అనే ఒక్క బిరుదు చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. ఆ బిరుదు వెనక ఏముందో మన పిల్లలు తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం. పంతులుగారి ఉద్యమం సభల్లో మొదలవలేదు. బడిలో మొదలైంది. పిల్లలకు పాఠం ఎందుకు ఎక్కడం లేదన్న చిన్న ప్రశ్నను పట్టుకుని, దానికి జవాబు వెతికి, దొరికిన జవాబు ప్రకారం పని చేసిన మనిషి కథ ఇది.

బదిలీ ఉద్యోగి కొడుకు

రామమూర్తిగారు శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. మన బడి పిల్లల్లో చాలామందిలాగే రామమూర్తి కూడా బదిలీ ఉద్యోగి కొడుకే. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో ఆయన జ్వరంతో కన్నుమూశారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు.

ఆ తర్వాత చదువు విజయనగరంలో, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో సాగింది. అక్కడ ఆయనతో కలిసి చదివిన వారిలో గురజాడ అప్పారావు ఒకరు. ఒకే బడిలో చదువుకున్న ఈ ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లయ్యాక తెలుగు రాసే తీరునే మార్చేశారు. 1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఇంటి పరిస్థితి బాగుండలేదు. పై చదువుకు వెళ్లే వీలు లేక, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. అంటే మన పన్నెండో తరగతి పిల్లల వయసు. చెప్పవలసింది ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర. ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదువుకుని ఆ తర్వాత డిగ్రీ పూర్తి చేశారు. బడి కళాశాలగా పెరిగినప్పుడు పై తరగతులకు కూడా పాఠాలు చెప్పారు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకోకుండా, స్వయంగా వెళ్లి చూసి తేల్చుకునేవారు. చరిత్ర పాఠం చెబుతున్నారు కనుక దగ్గరలో ఉన్న ముఖలింగం ఆలయాలకు వెళ్లి గోడల మీది శాసనాలు చదవడం మొదలుపెట్టారు. పాత లిపి నేర్చుకున్నారు. రాగిరేకుల శాసనాలు పరిశీలించారు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఆధారాలతో వాదించారు. బడిపంతులు పరిశోధన చేయడమేమిటని ఆయన వెనుకాడలేదు. పాఠం ఎక్కడుంటే పరిశోధన అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం.

సవర పిల్లల బడి

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగుకు గాని ఒడియాకు గాని దగ్గరిది కాదు. సంతాలీ, ముండారీ భాషల కుటుంబానికి చెందింది. ఆ రోజుల్లో సవరలకు చదువు అంటే తెలుగులోనో ఒడియాలోనో చదవడమే. ఇంట్లో ఎన్నడూ వినని భాషలో అక్షరాలు దిద్దాలి. పాఠం అర్థం కాని పిల్లవాడు మౌనంగా కూర్చుంటాడు. నాలుగు రోజులు చూసి మానేస్తాడు. అప్పుడు పెద్దలు అనేమాట ఒకటే: కొండవాళ్లకు చదువు రాదని.

రామమూర్తిగారు ఆ మాట నమ్మలేదు. అసలు చిక్కు ఎక్కడుందో వెతికారు. పిల్లవాడికి తెలివి లేక కాదు, బడి అతని భాషలో మాట్లాడడం లేదు. ఇది తెలుసుకోవడం ఒక ఎత్తు, సరిదిద్దడం ఒక ఎత్తు. సవరకు అచ్చయిన పాఠ్యపుస్తకం లేదు, నేర్చుకుందామంటే వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అందుకని ఆయన మొదట తానే విద్యార్థి అయ్యారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని రోజూ మాట వింటూ, పలుకుతూ, రాసుకుంటూ నేర్చుకున్నారు.

ఆ భాషలో గొంతు దగ్గర చప్పున ఆగిపోయే ధ్వని ఒకటి ఉంది. తెలుగు అక్షరాల్లో దానికి చోటు లేదు. ఇలాంటి ధ్వనులను ఎలా గుర్తించాలో, ఎలా రాయాలో నేర్పే పాఠం అప్పటికి మన దేశంలో చెప్పేవారు లేరు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ పుస్తకాలు తెప్పించుకుని భాషాశాస్త్రం తనంతట తానే చదివారు. కొండ ఊళ్లకు వెళ్లారు. అక్కడి జ్వరాలు ఆయన్నూ పట్టుకున్నాయి. వాటికి వాడిన క్వినైన్ వల్లనే తర్వాత ఆయన వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మాటను చెవితో విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి అది ఎంత నష్టమో ఊహించండి. అయినా పని ఆపలేదు.

సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఉపాధ్యాయుల జీతాలు కూడా తానే ఇచ్చారు. అప్పటి బడిపంతులు జీతం ఎంతో పైన చెప్పుకున్నాం కదా, ఆ జీతంలోంచే ఈ బడులు నడిచాయి. ముప్పై అయిదేళ్ల శ్రమ తర్వాత ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

తెలుగు పిల్లల కష్టం

ఇంతవరకూ సవర పిల్లల సంగతి. మరి తెలుగు పిల్లలకు తెలుగు బడిలో కష్టమేముంటుంది అనిపించవచ్చు. ఆ కష్టాన్ని బయటపెట్టినవారిలో ఒకరు ఇంగ్లీషు మనిషి. జె.ఎ. యేట్స్ అనే ఆయన కోస్తా జిల్లాల బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు చెప్పే తీరు ఆయనకు నచ్చలేదు. జనం బజారులో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. పిల్లవాడు ఇంట్లో వస్తున్నాడు అంటాడు, బడిలో వచ్చుచున్నాడు అని రాయాలి. చేస్తున్నాను అని రాస్తే తప్పు, చేయుచున్నాను అని రాస్తే ఒప్పు. తన మాటలో పరీక్ష రాసిన పిల్లవాడికి మార్కులు పోతాయి. ఇలా ఎందుకని యేట్స్ విశాఖపట్నం కళాశాల ప్రధానాధ్యాపకులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని సంప్రదించారు. ఆ చర్చలోకి గురజాడ, గిడుగు వచ్చి చేరారు. చిన్ననాటి సహాధ్యాయులు ఇద్దరూ ఒకే పనిలో మళ్లీ కలిశారు.

రామమూర్తిగారికి ఈ చిక్కు కొత్తగా అనిపించి ఉండదు. సవర పిల్లవాడికి జరిగిందే కొంచెం తక్కువ మోతాదులో తెలుగు పిల్లవాడికీ జరుగుతోంది. ఇక్కడ కూడా తప్పు పిల్లవాడిదే అని అందరూ అంటున్నారు. 1911లో, ముప్పై ఏళ్ల సర్వీసు పూర్తికాగానే, ఆయన ఉద్యోగ విరమణ చేసి మిగతా జీవితమంతా దీనికే ఇచ్చారు.

ఇక్కడ ఆయన ఎన్నుకున్న పద్ధతి మనం గమనించాలి. మా మాటే గొప్ప, మీ మాట పాతది అని ఆయన కేకలు వేయలేదు. ఎదుటివారి పుస్తకాలే తెరిచారు. గ్రాంథికం తప్ప మరొకటి రాయకూడదనే పండితులు రాసిన వచనాన్ని వాక్యం వాక్యం పరిశీలించారు. వాళ్ల నియమాల ప్రకారమే వాళ్ల రాతల్లో ఎన్ని తప్పులున్నాయో లెక్కకట్టి చూపారు. పాత తాళపత్రాలు, శాసనాలు, వ్యాఖ్యానాలు గాలించి, పూర్వం చదువుకున్నవాళ్లు కూడా వచనం రాసేటప్పుడు వాడుకమాట రాశారని రుజువులు పోగుచేశారు. పెద్ద పండితులకే చేతకాని భాషను పదేళ్ల పిల్లవాడు తప్పు లేకుండా రాయాలనడం ఏం న్యాయమని ఆయన ప్రశ్న. 1913లో ఆధునిక తెలుగు గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. గద్య చింతామణి, బాలకవి శరణ్యం వంటి పుస్తకాలు రాశారు.

ఆ కాలంలోనే ఒక చిన్న గెలుపు దొరికింది. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలో గాని వాడుకభాషలో గాని రాయవచ్చునని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు దీన్ని గట్టిగా ఎదిరించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. విశ్వవిద్యాలయం వేసిన సంఘంలోనూ ఎక్కువమంది గ్రాంథికం వైపే నిలిచారు. గురజాడ 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. రామమూర్తిగారు తోడు కోల్పోయారు.

ఇక్కడ ఆగిపోయినా ఎవరూ ఆయన్ని తప్పుపట్టేవారు కాదు. ఆయన ఊరూరా తిరిగారు. చెవులు సరిగా వినపడకపోయినా పుస్తకాల మూటతో సభలకు వెళ్లి, పుటలు తెరిచి చూపించి మాట్లాడారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. అదే ఏడాది వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే దానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. వీరేశలింగంగారు అంతకుముందు గ్రాంథికంలో ఎంతో రాసినవారు. అంతటి పెద్దాయన చివరి రోజుల్లో ఇటు వచ్చి నిలబడడం ఉద్యమానికి బలమిచ్చింది. 1924లో సాహిత్య పరిషత్తు వాడుకభాష మీద ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో రామమూర్తిగారు నాలుగు గంటలపాటు మాట్లాడి తన వాదాన్ని ఆధారాలతో నిలబెట్టారు. పత్రికలు, కథలు, నవలలు మెల్లగా వాడుకభాషకు వచ్చాయి. పాఠ్యపుస్తకాలు అందరికన్నా ఆలస్యంగా, ఆయన పోయిన చాలా కాలానికి మారాయి. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వాక్యం ఇలా ఉండడానికి ఆయన కూడా ఒక కారణం.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ పట్టణాన్ని తెలుగు ప్రాంతం నుంచి వేరుచేయడాన్ని ఆయన వ్యతిరేకించారు. మాట నెగ్గలేదు. యాభై ఆరేళ్లు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. డెబ్బై మూడో ఏట ఊరు మారడం ఎలా ఉంటుందో మన ఇళ్లలో తాతయ్యలను అడిగితే తెలుస్తుంది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి మధ్యలో పత్రికా సంపాదకులను కలిసి వాడుకభాషను వదలవద్దని కోరారు. వారం తిరక్కుండానే, జనవరి 22న కన్నుమూశారు. సవర భాష మీద ఆయన మొదలుపెట్టిన కృషిని కుమారుడు గిడుగు సీతాపతిగారు కొనసాగించారు.

మన బడిలో మన పరిశోధన

ఉపాధ్యాయ శిక్షణలో మేమందరం క్రియాత్మక పరిశోధన అనే పాఠం చదువుకున్నాం. ఒక చోట ఉన్న చిక్కును ఆ చోట ఉన్నవాళ్లే పరిశీలించి, పరిష్కారం అమలుచేసి, ఫలితం మళ్లీ చూసుకోవడం దాని సారం. కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త 1946లో దీని గురించి రాశారు. ఇప్పుడు అనేక దేశాల్లో ఉపాధ్యాయులతో పాటు విద్యార్థులు కూడా తమ బడి సమస్యల మీద ఇలా పరిశోధన చేస్తున్నారు. రామమూర్తిగారు ఈ పేరేదీ తెలియకుండానే అంతకు యాభై ఏళ్ల ముందు ఈ పని మొదలుపెట్టారు. చూడడం, వినడం, రాసుకోవడం, రుజువు చేసుకోవడం, చేసి చూడడం. ఆయన పద్ధతి ఇంతే.

మన ఊరికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. ఉధ్నా దాటాక వచ్చే ఈ భేస్తాన్ చుట్టుపక్కల ఎన్ని భాషలు వినిపిస్తాయో మీకు తెలుసు. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. ఒడియా, మరాఠీ, హిందీ మాట్లాడేవారూ ఉన్నారు. నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు బడులు కూడా నడుపుతోంది. మన బడికి మాత్రం ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు దేశం నలుమూలల నుంచి వస్తారు. సగం ఏడాదిలో వచ్చేవాళ్లూ ఉంటారు.

ఈసారి గిడుగు జయంతికి మా తెలుగు తరగతిలో ఒక నోటుపుస్తకం తెరిచాం. బడిలో చేరిన మొదటి వారంలో అర్థం కానివి, తప్పుగా అర్థమైనవి ఏమిటో కొత్త పిల్లలను అడిగి అందులో రాయాలి. పని పిల్లలదే, మేము పక్కన కూర్చున్నాం. మొదటి పుటలోనే మాకు తెలియని సంగతులు బయటపడ్డాయి. హిందీ నోటీసులో అవకాశ్ అని ఉంటే సెలవు అని అర్థం. తెలుగు ఊరి నుంచి వచ్చిన పాప దాన్ని అవకాశం అనుకుంది. ఏదో పోటీ ఉందని పేరు ఇవ్వడానికి వెళ్లింది. శిక్షా అంటే హిందీలో చదువు, తెలుగులో శిక్ష అంటే దండన. ఆ మాట గోడ మీద పెద్ద అక్షరాలతో చూసి ఒక చిన్నవాడు బెదిరాడు. ఉపన్యాస్ అంటే అక్కడ నవల, మనకు ప్రసంగం. ఇక బడి బయట గుజరాతీ. సెలవును ఇక్కడ రజా అంటారు, పుస్తకాన్ని చోపడీ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇవన్నీ ఎవరూ చెప్పరు. అందరికీ తెలుసని అనుకుంటారు. తెలియనివాడు అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటాడు. ఊరుకున్నవాణ్ణి మందకొడి అంటారు.

పిల్లలు ఈ మాటలను ఒక పట్టికగా వేశారు. ఒడియా, మరాఠీ, బెంగాలీ వరసలు ఆయా భాషల పిల్లలనే అడిగి నింపారు. తమకు వచ్చని సొంతంగా రాసేయలేదు. పెద్దల అనుమతి తీసుకుని నోటీసు బోర్డు పక్కన అంటించారు. దీనితో పని అయిపోయిందని మేము అనుకోవడం లేదు. ఈ ఏడాది చివర్లో అదే పిల్లలను, తర్వాత చేరినవాళ్లను మళ్లీ అడగాలి. పట్టిక ఉపయోగపడకపోతే మార్చాలి. రామమూర్తిగారు ఒక వాచకం రాసి ఊరుకోలేదని గుర్తుంచుకోవాలి.

మీలో ఎవరైనా ఇలాంటి పని చేయదలిస్తే మా సలహా కొంచెమే. పెద్ద సమస్య వెతకవద్దు. మీ తరగతిలో రోజూ ఎదురయ్యేది చాలు. మంచినీళ్ల కుళాయి దగ్గర చిన్న తరగతి పిల్లల వంతు ఎప్పుడు వస్తుందో వారం రోజులు రాసి చూడండి. సగం ఏడాదిలో చేరిన పిల్లవాడి దగ్గర పాత పాఠాల నోట్సు ఉందో లేదో అడగండి. భోజనం వేళ ఒంటరిగా కూర్చునేవాళ్లు ఎవరో గమనించండి, వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా బయటపెట్టవద్దు. విన్నదాన్ని విన్నట్టు రాయండి. మీ అభిప్రాయాన్ని వేరే పుటలో రాయండి. ఆ తర్వాతే పెద్దల దగ్గరకు వెళ్లండి, చేతిలో ఫిర్యాదుతో పాటు ఒక ఉపాయం కూడా ఉండాలి. ఒప్పుకోకపోతే నిరాశపడవద్దు. స్కూలు ఫైనల్ అనుమతి చేతికి వచ్చి జారిపోయినప్పుడు పంతులుగారు ఏం చేశారో చదివారు కదా.

మన ఇళ్లకు బదిలీ ఉత్తర్వు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఈ నోటుపుస్తకం మొదలుపెట్టిన పిల్లల్లో కొందరు వచ్చే జూన్‌కి ఇంకో రాష్ట్రంలో, ఇంకో నోటీసు బోర్డు ముందు నిలబడి ఉంటారు. పుస్తకం మాత్రం ఇక్కడే, తెలుగు తరగతి అలమరాలో ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్లు అడిగి తీసుకోవచ్చు. తర్వాతి పుట ఖాళీగానే ఉంది.